కొన్నవెల లేని చింతపండు

ఏటా నవోదయ దరఖాస్తులు మొదలవగానే మన గూడేల బడుల్లోకి గైడ్లు వస్తాయి. రంగుల అట్ట, వెనక సీటు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు, లోపల వేల ప్రశ్నలు. టీచరైనా, సెలవులకు ఇంటికొచ్చిన డిగ్రీ కుర్రాడైనా ఐదో తరగతి పిల్లల ముందు తెరిచేది అదే. అలాంటి తెలుగు గైడ్లు కొన్ని తెచ్చుకుని, కథల పుస్తకాన్ని చదివినట్టే మొదటి పేజీ నుంచి చదివాం.

పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మలతో ఉండే మేధాశక్తి ప్రశ్నలు 40, లెక్కలు 20, భాష 20. సీటొస్తే ఆరు నుంచి పన్నెండు దాకా ఎస్టీ పిల్లలకు తిండి, బస, చదువు అన్నీ ఉచితం. ఒకసారి రాసిన పిల్ల రెండోసారి రాయడానికి వీల్లేదు. అందుకే 'అడవి నేర్పిన చదువు ముందు ఈ పరీక్షలెంత' అనే మనవాళ్ల మాట మాకు నచ్చదు. వినడానికి బాగానే ఉంటుంది, సీటు మాత్రం ఇంకొకరికి పోతుంది.

గైడ్లలో బొమ్మల భాగం మెచ్చుకోదగ్గది. తేలిక నుంచి కష్టానికి వరసగా పేర్చారు. అక్కడ మన పిల్లలు వెనకబడడానికి కారణమే లేదు. చిక్కంతా బొమ్మల పైనుండే ఒక్క వాక్యంతోనే. 'భిన్నమైన దానిని గుర్తించుము' అంటే, భిన్నాలను లెక్కల్లో నేర్చుకున్న పిల్ల అరా, పావూ ఎక్కడున్నాయా అని వెతుకుతుంది. అద్దం ఎరిగిన పిల్లకు 'దర్పణ ప్రతిబింబం' అర్థం కాదు. ఇలాంటి వాక్యాలు మొత్తం పుస్తకంలో పది పదిహేనుకు మించవు. వాటిని గోండిలోనో కోయలోనో విడమరిచి చెప్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. వేల ప్రశ్నలు కూర్చినవాళ్లకు ఆ పదిహేను వాక్యాల సంగతి తోచలేదు.

లాభనష్టాల దగ్గర మాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ప్రతి లెక్కలోనూ ఒక వర్తకుడు ఉంటాడు. కొంటాడు, అమ్ముతాడు. మన పిల్ల సంతకు వెళ్లేది అమ్మతో, అడవిలో ఏరిన చింతపండు మూటతో. దానికి కొన్నవెల ఏది? ఆ పిల్ల సున్నా వేస్తే గైడు ప్రకారం తప్పు, వాళ్లింటి ప్రకారం ఒప్పు. అమ్మ రోజంతా పడ్డ కష్టం ఏ గడిలో రాయాలో గైడు చెప్పదు. టీచరు ఈ తేడా ముందు పిల్లల చేత మాట్లాడించి, ఆ తర్వాత 'ఈ లెక్కలో మనం షావుకారు వైపు నిలబడాలి' అని చెబితే సూత్రం బట్టీ పట్టే అవసరం సగం తగ్గుతుంది. సంతలో కుంచం, అడ్డ, మానిక కొలతలు చూసిన పిల్లకు కుంచంలో నాలుగో వంతు మానిక అని తెలుసు. భిన్నాల పాఠం అక్కడ మొదలుపెట్టిన గైడు ఒక్కటీ మాకు కనబడలేదు.

సవర పిల్లల సంగతి మరీ వేరు. వాళ్ల భాషలో పదమూడంటే పన్నెండూ ఒకటీ. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పదులు, ఒకట్లు అని మొదలుపెట్టే టీచరుకు ఇది తెలియకపోతే పిల్ల తడబాటు మందబుద్ధిలా కనిపిస్తుంది. నిజానికి ఆ పిల్ల ఒకే అంకెను రెండు రకాలుగా విడగొట్టగలదు.

భాష భాగంలో నాలుగు పేరాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు. తెలుగులో ఏరంటే వాగు. కోయలో ఏరు అంటే నీళ్లు. 'ఏరు ఎక్కడికి పోతోంది?' అన్న ప్రశ్నకు కోయ పిల్ల బిందె వైపు చూస్తే దాన్ని తెలివితక్కువ అనలేం. ఇక్కడ మా ఫిర్యాదు గైడ్ల మీద కన్నా ప్రశ్నపత్రం మీదే. మేఘాలయ పిల్లలు ఇదే పరీక్షను ఖాసీలో, గారోలో రాయొచ్చు. మిజోరం పిల్లలకు మిజో ఉంది. మనకు గోండి లేదు, కోయ లేదు, సవర లేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కొలామి, గోండి, కోయ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక బడులు మొదలయ్యాయి, వాచకాలూ అచ్చయ్యాయి. ఆ వాచకాలతో అక్షరాలు దిద్దిన పిల్లకు కూడా ఐదో తరగతిలో ఈ పరీక్ష తెలుగులోనే ఎదురైంది. అడగాల్సింది ఢిల్లీని. అడిగేలోపు ఈ ఏటి పిల్లలు ఆగరు కదా.

కాబట్టి గైడు పారేయమని మేం అనం. ప్రతి ప్రశ్నకూ జవాబు అడిగే ముందు 'ఇందులో ఏమడిగారో మీ ఇంటి మాటలో చెప్పు' అని అడగండి. చెప్పలేకపోతే తప్పింది లెక్క కాదు, తెలుగు. రెండింటినీ వేరువేరు నోటుబుక్కుల్లో రాసుకోండి. నెల తిరిగేసరికి ఏ పిల్లకు ఏది కావాలో తెలుస్తుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు గనక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దని చెప్పండి. ఓఎంఆర్ కాగితం నకళ్లు తీసి, బాల్‌పెన్నుతో సున్నాలు నింపడం కనీసం నాలుగైదు సార్లయినా చేయించండి. పెన్సిలు తప్ప ఎరగని వేళ్లకు అది కూడా కొత్త పనే.