చేరలేని సముద్రం - దూరక్షేత్ర పరిశోధన: ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: సముద్ర మానవశాస్త్రం, ఎథ్నోగ్రఫీ, సహభాగి పరిశీలన, దూరక్షేత్రం, మత్స్యకారులు.

1. ఉపోద్ఘాతం:

క్షేత్రంలో నివసించి, అక్కడి మనుషులతో కలిసిమెలిసి రాయడమే ఎథ్నోగ్రఫీకి ప్రమాణమని మలినోవ్‌స్కీ 1922లో ప్రచురించిన ‘ఆర్గొనాట్స్ ఆఫ్ ది వెస్ట్రన్ పసిఫిక్’ స్థిరపరచింది. నడిసముద్రం విషయంలో ఈ ప్రమాణాన్ని పాటించడం కష్టం. అనుమతి, వ్యయం, కాలం అడ్డుపడతాయి. అందుచేత తెరల ద్వారా, ఫోను సంభాషణల ద్వారా సాగే దూరక్షేత్ర పరిశోధన ఆచరణలోకి వచ్చింది. దాని ప్రామాణికతను, పరిమితులను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. హెల్మ్‌రైక్ ప్రతిపాదన:

దూరాన్ని లోపంగా భావించనక్కరలేదన్న వాదనకు స్టెఫాన్ హెల్మ్‌రైక్ రచనలు బలమైన ఆధారం. ముగ్గురు మాత్రమే పట్టే ‘ఆల్విన్’ సబ్‌మెర్సిబుల్‌లో ఆయన పసిఫిక్ సముద్రగర్భానికి వెళ్ళారు. అక్కడ ఉన్నామన్న అనుభూతి సైతం సోనార్ ధ్వనుల వంటి సంకేతాల రూపాంతరం వల్లనే కలుగుతుందని 2007 నాటి వ్యాసంలో వివరించి, ఆ ప్రక్రియను ‘ట్రాన్స్‌డక్షన్’ అన్నారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ మనకు దగ్గరి నిదర్శనం. 2000 మీటర్ల లోతుకు దిగి, సుమారు 10 రోజులకొకసారి పైకి వచ్చే ఆర్గో ఫ్లోట్లు పంపే సమాచారంతో, తీరం లేని నగరం నుండే శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రాన్ని అధ్యయనం చేస్తున్నారు. వారిని పరిశోధించేవారికి తెరే క్షేత్రం.

3. విమర్శ:

అయితే ఈ వాదనను శ్రామికులకు యథాతథంగా అన్వయించలేం. గుజరాత్ పడవల్లో కూలికి వెళ్ళే శ్రీకాకుళం మత్స్యకారులకు సముద్రమంటే వల, తాడు, నిద్రలేని రాత్రి. తీరం దాటిన కొంత దూరానికే ఫోను సిగ్నల్ ఆగిపోతుంది. పరిశోధకులకు చేరేది ఒడ్డుకు వచ్చాక చెప్పిన కథనమే. జ్ఞాపకం, యజమాని భయం, వినేవారిపై నమ్మకం దానిని అప్పటికే మలచి ఉంటాయి.

నౌకల గమనాన్ని చూపే ఏ.ఐ.ఎస్. పటాలదీ ఇదే సమస్య. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నులు, ఆపై స్థాయి ఓడలకు ఆ పరికరం తప్పనిసరి. చిన్న పడవలకు ఆ నియమం వర్తించదు. పటంలో ఖాళీగా ఉన్నచోట మనుషులు లేరనుకుంటే, పరికరం చేసిన ఎంపికను మన నిర్ధారణగా ప్రకటించినట్లే.

హెల్మ్‌రైక్ భావన ఇక్కడ అక్కరకు వస్తుంది. సంకేతం రూపం మారిన ప్రతి దశనూ వివరించాలని అది కోరుతుంది. కాబట్టి ‘ఫోను ద్వారా సేకరించాను’ అన్న ఒక్క వాక్యం చాలదు. అది ఎవరి ఫోను, ఎవరి సమక్షంలో మాట్లాడారు, వేట ముగిసిన ఎన్నాళ్ళకు మాట్లాడారు అన్నవి చెప్పాలి.

4. ముగింపు:

దూరక్షేత్ర పరిశోధన ప్రామాణికమే. అయితే అది వర్ణించేది నడిసముద్రాన్ని కాదు, నడిసముద్రం ఒడ్డుకు చేరే మార్గాలను. ఈ భేదాన్ని అంగీకరించిన పరిశోధకులు ఫోను అందని రోజులను కూడా తేదీలతో సహా క్షేత్రపుస్తకంలో నమోదు చేయాలి. ఆ మౌనం కూడా సమాచారమే.