డిస్కులో తాండూరు

వికారాబాద్ జిల్లా తాండూరులోని ఒక నాపబండల యూనిట్ కంప్యూటరు తనిఖీకి వచ్చిందనుకుందాం. బిల్లులు చెరిపేశారు. తాండూరు, వికారాబాద్ అన్న మాటలు అందులో ఎక్కడెక్కడున్నాయో తేల్చాలి. బ్రయాన్ క్యారియర్ రాసిన స్లూత్ కిట్, దాన్ని మౌస్‌తో నడిపించే ఆటాప్సీ ఈ పని చేసిపెడతాయి. రెండూ ఉచితమే, కోడు కూడా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.

ముందు డిస్కుకు బైటు తేడా లేని నకలు తీసి, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాసుకుంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లోనూ ఆ విలువ అడుగుతారు.

ఇక వెతుకులాట. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చోటు సాధారణంగా 4,096 బైట్ల క్లస్టర్ల లెక్కన దక్కుతుంది. అంటే 512 బైట్ల సెక్టార్లు ఎనిమిది. 1,500 బైట్ల ఉత్తరానికి మూడు సెక్టార్లు చాలు. మిగిలిన ఐదింటిలో, 2,560 బైట్ల మేర, పాత బిల్లు ముక్క అలాగే ఉండిపోవచ్చు. విండోస్ దాన్ని మనకు చూపించదు. స్లూత్ కిట్ విండోస్‌ను అడగనే అడగదు, ఫైల్ సిస్టమ్ పట్టికలను తానే చదువుకుంటుంది. నాకు ముచ్చటేసేది మాట దొరికాక జరిగే తిరుగు ప్రయాణం. ఐఫైండ్ అనే చిన్న పనిముట్టు ఆ బ్లాకు ఏ నమోదుకు చెందిందో చెబుతుంది, ఎఫ్‌ఫైండ్ ఆ నమోదుకున్న ఫైలు పేరు చెబుతుంది. ఒక్కొక్కటీ ఒక్క పనే చేస్తుంది, శుభ్రంగా చేస్తుంది.

సిమ్సన్ గార్ఫింకెల్ రాసిన బల్క్ ఎక్స్‌ట్రాక్టర్‌ది వేరే దారి. దానికి ఫైళ్ల ఊసే పట్టదు, డిస్కును ఈ చివర నుంచి ఆ చివరకు చదివేస్తుంది. కొత్త వర్డ్ ఫైలు నిజానికి జిప్ మూట కాబట్టి మామూలు వెతుకులాటకు అందులోని మాటలు చిక్కవు. ఇది ఆ మూట విప్పుతుంది, ఏ బైటు దగ్గర మూట మొదలైందో, లోపల ఎంత దూరంలో మాట తగిలిందో కూడా రాసిపెడుతుంది. అయితే ముక్కలై చెదిరిన ఫైలులో మాట రెండు క్లస్టర్ల మధ్య తెగితే దీనికి అందదు. అక్కడ స్లూత్ కిట్టే దిక్కు.

మన లిపి దగ్గరికొస్తే పని ఇంకా రసవత్తరం. తాండూరు యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో 21 బైట్లు, యూటీఎఫ్-16లో 14. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు పేరును రెండో పద్ధతిలో దాస్తుంది, లోపలి పాఠం మొదటి పద్ధతిలో ఉండవచ్చు. ఆటాప్సీ ఫైళ్లలోంచి పాఠాన్ని బయటికి తీసి సూచిక కట్టేటప్పుడు ఈ తేడాలు సర్దుకుంటుంది. కర్ణాటక సరిహద్దు ఊరైన తాండూరుకు తగ్గట్టు, యూనికోడ్‌లో కన్నడం మన పక్కిల్లే: తెలుగు తకూ కన్నడ తకూ తేడా ఒకే ఒక్క బిట్.

వెతికేవాడి నేర్పు ఇక్కడ తెలుస్తుంది. వికారాబాద్, వికారాబాదు, వికారాబాదులో అన్నీ పట్టాలంటే పొల్లు వదిలేసి "వికారాబాద" అని పాక్షిక అన్వేషణ పెట్టాలి. "తాండూర"తోనూ అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో మరిన్ని స్పెల్లింగులు కలపాలి, హోటల్ బిల్లుల్లోని తందూరీ రొట్టెలూ వచ్చి పడతాయి, తప్పదు.

డీటీపీ సెంటర్ల పాత పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రం మొండికేస్తాయి. అను ఫాంట్లలో తెలుగు తెరమీదే తెలుగు, డిస్కులో లాటిన్ కోడ్ల గుంపు. ఆ కోడ్ల వరుసను చేత్తో తయారుచేసి కీవర్డ్ జాబితాకు చేర్చాలి. ఆటాప్సీ ఆ జాబితాను బయటికి తీసి దాచుకోనిస్తుంది కనుక, వికారాబాద్ కేసుకు కట్టినది రేపు ఇంకో జిల్లా కేసుకూ పనికొస్తుంది.