కాఫీ పొట్లం మీద కనబడని రోడ్డు

మన్యం కాఫీ పొట్లాన్ని మేం ఒక పాఠంగా చదివాం. పైన 'అరకు' అని అచ్చు. లోపలి గింజ చింతపల్లిదో, గూడెంకొత్తవీధిదో కావచ్చు. 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఆ ఒక్క పేరుకే.

నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే ఘాట్ రోడ్డు ఎవరు వేశారు? గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ గిరిజనుల చేత అరకొర కూలికి కొట్టించాడు. 1922 పితూరీకి అదొక కారణం. ఆ పితూరీలోనూ ఒక్క అల్లూరి పేరే నిలిచింది, గాం గంటందొర, మల్లుదొర మూలకి పోయారు. (పేర్లు మింగెయ్యడం కొత్త విద్యేం కాదు.)

1956 నాటి గిరిజన సహకార సంస్థ కాఫీ కొంటోంది, పొడి చేసి అమ్ముతోంది. మంచిదే, కాదనం. కానీ రైతుల్లో చాలామంది గింజ దగ్గరే ఆగిపోతున్నారు. వేయించడం, పేరు పెట్టడం కొండ దిగాకే. 2017లో పారిస్‌లో అరకు కొట్టు తెరిచారని మురిసినవాళ్ళని ఒకటే అడుగుతున్నాం: పొట్లం ధర పక్కన రైతుకిచ్చిన పండు రేటు కూడా అచ్చేస్తారా?