విషాన్ని ఒడిసిపట్టే సిలిండర్

ఇంట్లో గ్యాస్ బండ మార్చాక సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తాం. చిప్‌ల ఫ్యాక్టరీలో ఆర్సైన్ అనే విషవాయువు సిలిండర్ మార్చేవాళ్ల పని చూస్తే మన నురగ చిన్నబోతుంది. సిలికాన్‌లోకి ఆర్సెనిక్ పరమాణువుల్ని చొప్పించడానికి ఈ వాయువును వాడతారు. కానీ కార్మికుడు పీల్చే గాలిలో అది సగటున రెండు కోట్ల భాగాలకు ఒక భాగం మించకూడదని అమెరికా భద్రతా నియమం. అందుకే ఇద్దరు వస్తారు, వీపున గాలి సిలిండర్లతో. వాల్వు కట్టేసి, గొట్టంలోకి నైట్రోజన్ నింపి, వాక్యూమ్‌తో లాగి, మళ్లీ నింపి, మళ్లీ లాగి... ఎన్నిసార్లైనా విసుగుండదు. పాత నికెల్ వాషర్ మచ్చ లేకుండా మెరుస్తున్నా పక్కన పడేస్తారు. కొత్తది పెట్టి టార్క్ రెంచి చెప్పినంతే బిగిస్తారు. చేతి బలం చూపించే చోటు కాదది.

నన్ను ముగ్ధుణ్ని చేసింది మాత్రం ఆ సిలిండర్ కడుపు. కొన్నిటి లోపల సన్నటి రంధ్రాల బొగ్గు ఉంటుంది. ఆర్సైన్ ఆ రంధ్రాలకు అతుక్కుని కూర్చుంటుంది. లోపలి పీడనం దాదాపు 650 టార్, బయటి గాలిది 760. అంటే వాల్వు పొరపాటున తెరుచుకున్నా విషం చివ్వున ఎగజిమ్మదు, ముందు బయటి గాలే లోపలికి పోతుంది! యంత్రంలోని వాక్యూమ్ మెల్లగా పీల్చితేనే వాయువు బొగ్గును వదిలి కదులుతుంది, పాలు తాగే బిడ్డకు తల్లి ఇచ్చినట్టు, అడిగినంతే.