భారమెరిగిన స్ప్రింగు

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గమున నరసరావుపేటకును వినుకొండకును నడుమనున్న శావల్యాపురము పెద్ద పట్టణము కాదు. అయినను అచ్చటినుండి మోటారుసైకిలుపై దూరప్రయాణమునకు వెడలినవానికి ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క తీరు బాట యెదురగును. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సాగినచో సున్నపురాయిని, సిమెంటును మోయు లారీలు తారును అణగద్రొక్కి గాడులు చేసిన రహదారి. పంటపొలములగుండ పోవు చిన్న దారులలోనో, క్రిందనున్న నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి కుంచించుకొనుటచేత, పైన పరచిన తారు ఏండ్లు గడచుకొలది అలలు దేరియుండును. త్రిపురాంతకము, ఎర్రగొండపాలెము, దోర్నాల మీదుగా శ్రీశైలమునకు బోవువానికి, దోర్నాల దాటినది మొదలు నల్లమల యడవిలో రమారమి 50 కిలోమీటర్ల పొడవున ఎక్కుడు, దిగుడు, మలుపు తప్ప వేరొండు లేదు. రాత్రివేళ ఆ దారిని వాహనములను పోనీయరు గనుక ప్రొద్దుండగనే దాటవలెనను తొందరయు తోడగును. ఇన్ని తీరుల బాటలపై, వెనుక నొక మనిషిని, ఆ మనిషి వెనుక నొక మూటను పెట్టుకొని సాగు బండికి వెనక షాకబ్జర్లను ఎన్నుకొనుట యెట్లన్నదియే ప్రస్తుత విషయము.

మన మెకానిక్ షెడ్లలో ఈ ప్రశ్నకు సమాధానము తక్షణమే లభించును. "బావా, గ్యాసు షాకులు వేయించు, బండి తేలిపోద్ది" అని యొకరనగా, "పెద్ద కంపెనీవి తెప్పించు, ఇక చూసుకోనక్కర్లేదు" అని వేరొకరందురు. అడిగినవాని బరువెంత, వెనుక నెక్కువారెవరు, సామానెంత, పోవు దారి యేది అని యడిగినవారిని మాత్రము నేను అరుదుగా చూచితిని. అడుగవలసినవి నిజమున కవియే. షాకబ్జరు ననుసరించి భారమును మార్చుకొనువాడు లోకమున లేడు గనుక, భారము ననుసరించియే షాకబ్జరును ఎన్నుకొనవలెను. అందును మొదట నెన్నదగినది పైకి మెరయు డబ్బా గాదు, దానిచుట్టు చుట్టుకొనియున్న తీగె.

వెనక చక్రమును ఊగు చట్రమునకు బిగించి, దానిని స్ప్రింగులపై నిలుపు విద్య యిరువదవ శతాబ్దపు పూర్వార్ధముననే పుట్టినది. ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంటు 1928లోనే తన బండ్లకు వెనక స్ప్రింగును అమర్చెను. బెల్‌ఫాస్టు నివాసియగు రెక్స్ మెక్‌కాండ్లెస్ రూపొందించిన చట్రముతో నార్టన్ బండి 1950లో ఐల్ ఆఫ్ మ్యాన్ పందెమున జెఫ్ డ్యూక్ చేతిలో గెలుపొందిన పిమ్మట, స్వింగ్ ఆర్మును, ఇరుప్రక్కల రెండు షాకులును గల రూపము లోకమంతటను స్థిరపడినది. 1955లో మద్రాసునకు వచ్చిన బుల్లెట్‌కు సైతము ఆ రూపమే యుండెను. నేటి క్లాసిక్ 350కిని అదియే. బెల్జియము దేశీయుడగు లూసియన్ టిల్కెన్స్ ఊహనుండి యమహావారు ఒకే షాకును సీటు క్రిందికి జేర్చి 1973లో మట్టిదారుల పందెములలో ప్రపంచవిజేతలైరి. మన దారులపై కనబడు హిమాలయన్ వంటి బండ్ల మోనోషాకు ఆ శాఖకు జెందినది. చరిత్ర యింత చాలును. రూపమేదైనను సూత్రమొక్కటియే: స్ప్రింగు భారమును మోయును, లోపలి నూనె ఆ స్ప్రింగు ఊపును అదుపుచేయును. ఈ రెండు పనులను ఒకదానితో నొకటి కలిపి తికమకపడుటవలననే సగము సొమ్ము వృథాయగుచున్నది.

భారపు లెక్క నొకమారు సావధానముగా వేసి చూతము. 75 కిలోల మనిషి యొక్కడే బండి నెక్కినపుడు, ఆ బరువంతయు వెనక చక్రముపై బడదు. ముందు చక్రమునకు కొంత పోగా, వెనుకకు వచ్చునది అటు నిటుగా 47 కిలోలు. ఆయన వెనుక 65 కిలోల యిల్లాలు కూర్చున్నచో ఆ బరువు దాదాపుగా నంతయు వెనక చక్రమునదే. ఇక క్యారియరుపై కట్టిన 20 కిలోల సంచి, ఇరుసునకు గూడ వెనుకగా వ్రేలాడుచుండిన, తన బరువు కంటె కొంత యెక్కువగనే వెనుక మోపి, ముందు చక్రమును ఆ మేరకు తేలికపరచును. ఇట్లు ఒంటరిగా పోవునప్పటి 47 కిలోలు, జంటగా మూటతో పోవునపుడు 130 కిలోలై, భారము రమారమి మూడింతలగుచున్నది. వాహనపు సొంత బరువుతో పోల్చి చూచినచో, కారులో నలుగురెక్కినను ఇంతటి వ్యత్యాసము రాదు. బండి తయారుచేసినవారు ఒంటరివానికిని, జంటకును, ఊరిలో తిరుగువానికిని, ఊళ్లు దాటువానికిని ఒకే స్ప్రింగును పెట్టవలసినవారు. వారు మధ్యేమార్గము నవలంబించిరనుటలో దోషమేమియు లేదు. మధ్యస్థులము కానప్పుడే మనకు వేరు స్ప్రింగుతో పని.

ఇపుడు, ఒక్కొక్క స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగుటకు 2 కిలోల బరువు కావలయుననుకొందము. రెండును గలిసి మిల్లీమీటరునకు 4 కిలోలు. వెనుకకు అదనముగా జేరిన 83 కిలోలు ఆ జంట స్ప్రింగులను ఇంచుమించు 21 మిల్లీమీటర్లు కుంగదీయును. ఇంటర్‌సెప్టర్ 650 వంటి బండికి వెనక చక్రపు కదలిక మొత్తము 88 మిల్లీమీటర్లే; షాకులు ఒరిగియుండుటచేత చక్రపు కదలికకును షాకు కదలికకును కొంత భేదమున్నను, ఒంటరి సవారిలో కుంగిన పాతిక మిల్లీమీటర్లపై ఈ 21 చేరునప్పటికి, బండి యింకను నిలిచియుండగనే సగము కదలిక ఖర్చైపోయినది. ఇక స్పీడ్ బ్రేకరు వచ్చినపుడు మిగిలిన సగము చాలక షాకు అడుగంటి కొట్టుటయు, ఆ దెబ్బ వెనుక కూర్చున్నవారి నడుమునకు తగులుటయు సహజమే గదా.

ఈ దెబ్బకు తరచుగా చేయు చికిత్స ప్రీలోడు, అనగా స్ప్రింగును ముందుగనే అదిమియుంచు బిగింపు, పెంచుట. సీ ఆకారపు స్పానరుతో షాకు క్రిందనున్న మెట్లచక్రమును త్రిప్పిన బండి లేచును. క్లాసిక్ 350కి అట్టి మెట్లు ఆరు గలవు. దీనితో స్ప్రింగు గట్టిపడినదని నమ్మువారు మెకానికులలో గూడ గలరు. స్ప్రింగు గట్టిపడదు. ముందు మిల్లీమీటరునకు 2 కిలోలకు కుంగినది, ప్రీలోడు తుదిమెట్టున నున్నను ఆ 2 కిలోలకే కుంగును. మారినది బండి నిలుచు ఎత్తు మాత్రమే. కుంగుడును కొలిచి చూచుకొను పద్ధతి తేలికైనది, ఖర్చు లేనిది: బండిని పైకెత్తి వెనక చక్రము నేలను తాకకుండ నుంచి, ఇరుసునుండి సీటుక్రింద నొక గుర్తువరకు కొలతపట్టీతో కొలిచి, పిమ్మట పూర్తి సామానుతో ఇద్దరును ఎక్కి కూర్చుండగా మూడవవానిచేత మరల కొలిపించవలెను. రెండు కొలతల భేదము చక్రపు మొత్తము కదలికలో నాల్గవవంతునకును మూడవవంతునకును నడుమ నుండుట మేలు. ప్రీలోడు తుదిమెట్టునకు జేర్చినను భేదము మూడవవంతును మించుచున్నచో, ఆ స్ప్రింగు మీ భారమునకు చాలదని నిస్సంశయముగా తెలియును. అట్లుగాక, సామానుతో సరిపోయి, ఒంటరిగా పోవునపుడు బండి తనంతట కొంచెమైనను కుంగక బిర్రబిగిసి నిలిచినచో, స్ప్రింగు మెత్తనిదై ప్రీలోడు బిగింపుతోనే నిలిచినదని అర్థము; అట్టి బండి గుంతలో చక్రమును దింపలేక ఎగిరి దాటును.

స్ప్రింగు కాఠిన్యము తీగె మందమునుబట్టి యెంత వేగముగా పెరుగునో తెలిసినవారు తక్కువ. అది మందము యొక్క నాల్గవ ఘాతముననుసరించును. అనగా, చుట్టల సంఖ్యయు వెడల్పును మారకుండ 7 మిల్లీమీటర్ల తీగెకు బదులు 8 మిల్లీమీటర్ల తీగెను వాడినచో కాఠిన్యము నూటికి పదునాలుగు పాళ్లు కాదు, డెబ్బది పాళ్లు హెచ్చును. కంటికి కనబడని ఆ యొక్క మిల్లీమీటరే బండి స్వభావమును మార్చివేయుచున్నది. కావున అంగడిలో "ఇది కొంచెము గట్టి స్ప్రింగండీ" అనువానిని కాఠిన్యపు అంకె యెంతయని యడుగవలెను. అంకె చెప్పజాలని సరకు కొనకుండుటయే శ్రేయము. స్ప్రింగులో ఒక చుట్టను కోసివేసినను మిగిలినది గట్టిపడుట నిజమే గాని, పొడవు తగ్గుటచేత బండి కుంగును. ఆ కోసిన కొసను గ్యాసుమంటతో కాల్చి వంచినవారు ఉక్కు పదునును చెరిపినవారగుదురు. ఒక చివర చుట్టలు దగ్గరగాను మరియొక చివర దూరముగాను ఉండు స్ప్రింగులు, దగ్గరి చుట్టలు మొదట మూసికొనిపోయి పిమ్మట గట్టిపడుటచేత, ఒకనాడు ఒంటరిగాను ఒకనాడు జంటగాను పోవువారికి అనుకూలములు. ఎల్లప్పుడును ఒకే భారముతో పోవువానికి సమమైన చుట్టల స్ప్రింగే మిన్నయని నా యభిప్రాయము.

ఇక నూనె సంగతి. కుంగిన స్ప్రింగు తాను మ్రింగిన శక్తినంతయు తిరిగి కక్కివేయును. దానిని హద్దులో నుంచుటకై షాకు లోపలి పిస్టను సన్నని రంధ్రములగుండ నూనెను త్రోయుచు, ఆ శక్తిని వేడిగా మార్చును. అలలుదేరిన దారిపై గంటసేపు ఎడతెగక నడచిన షాకును తాకిచూచినచో ఈ మార్పు చేతికే తెలియును. రాష్ట్రమునందు మిక్కిలి వేడిగల తావులలో నొకటని పేరుపడిన రెంటచింతల మన జిల్లాలోనే యున్నది. వేసవి మధ్యాహ్నమున అచ్చటి దారిలో బయటి గాలియే వేడెక్కియుండగా షాకు తన వేడిని విడుచుట మరింత కష్టము. వేడెక్కిన నూనె పలుచబడును. ఇదిగాక, నూనెయు గాలియు ఒకే గొట్టమున నున్న షాకులలో, ఎడతెగని కుదుపులకు ఆ రెండును గలిసి చిలికిన మజ్జిగవలె నురుగగును. నురుగు రంధ్రములగుండ నడ్డులేక జారిపోవుటచేత బండి ఓడవలె తూగసాగును. ఫ్రాన్సు దేశపు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్, నూనెకును గ్యాసునకును నడుమ నొక తేలు పిస్టనును నిలిపి, గ్యాసును అధిక పీడనమున బంధించి, 1950ల నాటికి ఈ దోషమును తొలగించెను. జర్మనీలో బిల్‌స్టైనువారు ఆ పద్ధతిని కార్లకు వ్యాప్తిలోనికి తెచ్చిరి. మన షెడ్లలో ప్రశంసింపబడు గ్యాసు షాకు వెనుకనున్న సత్యమిది. గ్యాసు బండిని మోయదు, తేల్చదు. నూనెను నురుగుకానీయకుండ కాపలా కాయును. ప్రక్కన వ్రేలాడు డబ్బాలో తేలు పిస్టనో రబ్బరు తిత్తియో లేక, అది కేవలము అలంకారముగా బిగింపబడినచో దానివలన బండికి కలుగునది బరువు మాత్రమే. అంగళ్లలో అట్టివియు అమ్ముడగుచున్నవి.

షాకును ఎన్నుకొనునపుడు విస్మరింపరాని కొలత మరియొకటి గలదు: పై కన్నునుండి క్రింది కన్నువరకు గల పొడవు. నేలకు ఎత్తుగా నుండునని 10 మిల్లీమీటర్లు పొడవైన షాకులను వేయించువారు, వెనుక లేచినంతమేర ముందు ఫోర్కు నిట్టనిలువగుటను గమనింపరు. 1390 మిల్లీమీటర్ల చక్రాంతరముగల బండిలో ఈ మార్పు అర డిగ్రీకి లోపే గాని, హ్యాండిలు చురుకుదనము పెరిగి, తిన్నని దారిపై నిలకడ తగ్గుట తెలియుచునే యుండును. ఘాటు మలుపులలో ఆ చురుకుదనము కొందరికి ముద్దు. గుంటూరు రహదారిపై లారీ ప్రక్కనుండి దాటునపుడు మాత్రము కాదు. చైను వదులును క్రొత్తగా సరిచూడవలెను. సైడ్ స్టాండుపై బండి మునుపటికన్న ఎక్కువ వాలును. బుష్షుల లోపలి వ్యాసము బండి బోల్టునకు సరిగా పట్టనిచో, ఎంత వెలగల షాకైనను కటకటమనుచు నెలలోపల అరుగును.

అమర్చిన పిమ్మటి పని ఓపికతో గూడినది. సీటును బలముగా నొక్కి విడిచినపుడు బండి ఒక్కమారు లేచి నిలువవలెను. మరల ఊగినచో రీబౌండు, అనగా స్ప్రింగు తిరిగి లేచునప్పటి నూనె అదుపు, చాలదు. మెల్లమెల్లగా, నీరసముగా లేచుచున్నచో రీబౌండు మితిమీరినది. అట్టి షాకు వరుస గుంతలలో తిరిగి లేచుటకు వ్యవధిలేక, ఒక్కొక్క గుంతకు కొంచెము కొంచెముగా కుంగి బిగిసిపోవును. క్లిక్కులుగల షాకైనచో పూర్తిగా మూసిన స్థితినుండి లెక్కించుచు, ఒకమారు ఒక్క మరనే, రెండేసి క్లిక్కులు మాత్రమే త్రిప్పి, అదే దారిని మరల నడిపి చూడవలెను. షాకు కడ్డీ బయటికి కనబడు రకమైనచో దానిపై సన్నని రబ్బరు రింగు నొకటి తొడిగిన, అది ఎంతవరకు జరిగినదో చూచి ప్రయాణమున కదలిక యెంత వాడబడినదో ఇంటికి వచ్చి చదువుకొనవచ్చును. కోటప్పకొండ ఘాటు నెక్కి దిగి వచ్చునంతటి చిన్న ప్రయాణమే యీ పరీక్షకు చాలును. తిరునాళ్ల నాడు మాత్రము వలదు.

వెల విషయమున ఒక్కమాట. స్వీడనులో కెంత్ ఓలిన్స్ 1976లో స్థాపించిన సంస్థ మొదలు, 1961 నుండి మనదేశమున షాకులను తయారుచేయుచున్న గేబ్రియల్ వరకు, అంగడిలో మేలిరకమును మధ్యరకమును గలవు. విప్పి, సీలు మార్చి, నూనె నింపి మరల వాడుకొనదగిన షాకు ఖరీదైనను కాలక్రమమున చవుకయగును. కాని నైట్రోజను నింపు సాధనము ప్రతి షెడ్డులో నుండదు గనుక, దానిని బాగుచేయువారు ఎంతదూరమున గలరో కొనుటకు ముందే విచారించుకొనవలెను. నెలకొకమారు ఒంటరిగా శ్రీశైలము వెళ్లివచ్చు సన్నని మనిషికి, ఉన్న షాకులలో నూనె కారనంతవరకు, పైవానిలో నేదియు అక్కరలేదు. ప్రీలోడును రెండవ మెట్టుననో మూడవ మెట్టుననో నిలిపి, టైర్ల గాలిని చూచుకొని, తెల్లవారుజామున వినుకొండ దాటిన చాలును. మార్పించుకొన్నవారు పాత షాకులను గోనెలో చుట్టి అటకపై నుంచుకొందురు గాక; బండిని అమ్మునాడు కొనువాని బరువెంతయో మనకు తెలియదు గదా.