ఇల్లు విడిపించు మాటలు – వాని అర్థచ్ఛాయలు

ఇంటినుండియో పొలమునుండియో మనుష్యుని తొలగించుటకు తెలుగున మాటలు కొల్లలు. ఇవన్నియు పర్యాయపదములని తలచుట సామాన్యముగా కలదు, అది సరికాదు. గెంటుటలో చేయి మెడపై నుండును. తరుముటలో తరిమెడివాడును వెంట పరుగెత్తవలెను. వెళ్లగొట్టుటలో వెళ్లుట యొకనిది, కొట్టుట వేఱొకనిది. ఈ మూటియందును కర్మ మనుష్యుడే. 'ఖాళీ చేయించు' అన్నచో కర్మ ఇల్లు. అందున్నవాడు వాక్యమునుండి ముందే ఖాళీయైనాడు. అద్దెయిండ్ల తాఖీదులు ఈ మాటనే వరించుట యాదృచ్ఛికము కాదు.

'బేదఖలు' పారసీకమునుండి కచేరీల ద్వారమున వచ్చినది. రైతు తన మడిలో నిలిచియుండగనే కాగితముపై బేదఖలు కావచ్చును. 'వెలి' దీనికి తలక్రిందు: ఇల్లుండును, నిప్పు నీళ్లు పొత్తు ఉండవు. తమిళమున దీనికి చుట్టమైన 'వెళియేఱ్ఱు' అను క్రియ బయటికి పంపుట యను సామాన్యార్థముననే చెల్లుచున్నది. తమిళదేశపు తెలుగువాని చెవికి అందు కులకట్టుబాటు ధ్వనించినచో తప్పు వానిది కాదు.

మిక్కిలి వింతయైనది 'ఉద్వాసన'. పూజాంతమున దేవతను స్వస్థానమునకు వేంచేయుమని సాగనంపుట దీని యర్థము. పత్రికలు దీనిని పదవి పోయిన మంత్రికి వాడుట చమత్కారమే; కాని గుడిసె కూలినవానికి వాడుట క్రౌర్యము. దేవతకు తిరిగిపోవ చోటున్నది.

'నిర్వాసితుడు' అనగా నివాసము లేనివాడని నేడు పలువురి యూహ. సంస్కృతమున ఇది ప్రేరణార్థక రూపము: వెడలగొట్టబడినవాడని యర్థము. సీతాదేవిది నిర్వాసనమే. వెడలగొట్టిన కర్త పదములో నున్నాడు. వాడుక వానిని మఱచినది. 'ముంపు'నందు కర్త బొత్తిగా లేడు, నేరమంతయు నీటిదే. కన్నడపు 'ముళుగడె'యు నిట్టిదే. మరాఠీవారి 'ధరణగ్రస్త' మేలు. ధరణమనగా ఆనకట్ట; గ్రహణమున చంద్రుని వలె, ఆనకట్టచే పట్టువడినవాడని భావము. 1921లో ముళశీ సత్యాగ్రహము జరిగిన నేలపై ఇట్టి మాట వాడుకలో నుండుట ఉచితమే. కన్నడమున 'ఒక్కలెబ్బిసు' అనునది మఱియు సూటియైనది. ఒక్కలు అనగా సేద్యపు కాపురము, ఎబ్బిసు అనగా లేపుట. కాపురమును కూర్చున్నచోటినుండి లేపు చేయి ఇందు కనబడును. దీనికి దీటగు తెలుగుమాట లేకుండుట కొఱతయే. ఓఢ్రమున వాడెడి 'ఉచ్ఛేద' వేరుతో నఱకుటను తలపించును గాని, నఱకినవానిని చూపదు.

2014లో పోలవరము నిమిత్తము ఏడు మండలములు తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమున చేర్చబడినవి. పత్రికలు వానిని 'ముంపు మండలము'లనియే పిలిచినవి. ఆనకట్ట అప్పటికింకను లేవలేదు. పల్లెలలో పొయ్యిలు వెలుగుచునే యుండెను.