నది అడుగును రెండుసార్లు కొలిచినవాళ్లు

నదిలో ప్లాస్టిక్ రేణువులు ఎన్నున్నాయో చెప్పడానికి పైపై నీటిని వలతో వడగట్టి చూడటం మామూలు పద్ధతి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో రేచల్ హర్లీ, జేమీ వుడ్‌వర్డ్, జేమ్స్ రోత్‌వెల్ నది అడుగున వెతికారు. వాళ్ల పరిశోధన పత్రం 2018లో ‘నేచర్ జియోసైన్స్’లో వచ్చింది. అందులోని అంకెలను చాలామంది ఉటంకించారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ అంకెల వెనకున్న పనితనం.

మాంచెస్టర్ ప్రాంతంలో పారే ఇర్వెల్, మెర్సీ, టేమ్ పెద్ద నదులేం కావు. పత్తి మిల్లుల కాలం నుంచీ ఊళ్ల మురుగునూ ఫ్యాక్టరీల మురుగునూ మోస్తూ వచ్చిన నదులు. వాటి పరీవాహక ప్రాంతంలో పది నదుల మీద 40 చోట్లు ఎంచుకున్నారు. నగరం నడిబొడ్డుతో పాటు, జనం పలచగా ఉండే కొండవాగులనూ వదల్లేదు.

అడుగు మట్టిని ఉత్త చేత్తో తీస్తే సన్నటి రేణువులు ప్రవాహంలో కలిసిపోతాయి. మనం వెతికేది వాటినే. అందుకని ఒక సిలిండర్‌ను నది అడుగున నొక్కిపెట్టి, లోపలి నీటినీ మట్టినీ కలియబెట్టి, ఆ బురదనీటిని పట్టారు. సిలిండర్ ఎంత మేర కప్పిందో తెలుసు కాబట్టి చదరపు మీటరుకు ఇన్ని అని లెక్క తేలుతుంది. ఇక ప్రయోగశాలలో, చిక్కటి ఉప్పు ద్రావణంలో వేస్తే ఇసుక కిందికి దిగుతుంది, ప్లాస్టిక్ పైకి తేలుతుంది. చేటలో బియ్యం చెరిగినట్టు, బరువులో తేడాయే రెంటినీ విడదీస్తుంది. ఆ తర్వాత మైక్రోస్కోప్ కింద పూసలు, ముక్కలు, పోగులు అంటూ ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఈ రంగంలో అనుమానం వచ్చిన రేణువుకు కాల్చిన సూది మొన తాకించి చూస్తారు. ప్లాస్టిక్ అయితే కరుగుతుంది, లేదా ముడుచుకుంటుంది. పరిశోధకుడి చొక్కా నుంచి ఒక్క పాలిస్టర్ పోగు రాలి పడినా లెక్క పాడైనట్టే.

వెతికిన ప్రతిచోటా ప్లాస్టిక్ దొరికింది. టేమ్ నదిలో ఒకచోట చదరపు మీటరుకు 5,17,000 రేణువులు! అంతటితో ఆగినా అది పేరు తెచ్చే పరిశోధనే.

అంతలో 2015-16 చలికాలపు వరదలు వచ్చాయి. క్రిస్మస్ మర్నాడు ఇర్వెల్ ఊళ్ల మీద పడింది. వరద తగ్గాక వీళ్లు ఆ 40 చోట్లకే మళ్లీ వెళ్లారు. మళ్లీ అదే పద్ధతి, అదే ఓపిక. మొదటిసారి కొలత అంత నిక్కచ్చిగా లేకపోతే రెండోదానికి విలువే ఉండేది కాదు. అడుగున ఉన్న ప్లాస్టిక్‌లో దాదాపు 70 శాతం కొట్టుకుపోయిందని తేలింది. సుమారు 850 కిలోలు, 4,300 కోట్ల రేణువులు. ఆ అంకె పక్కనే, 1,400 కోట్లు అటూ ఇటూ కావచ్చని రాసుకున్నారు. పత్రికల శీర్షికల్లో ఆ రెండో అంకె కనబడదు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అక్కడే. ఏడు చోట్ల మైక్రోబీడ్లు, అంటే సన్నటి ప్లాస్టిక్ పూసలు, పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి.

అంటే నది అడుగు ప్లాస్టిక్‌కు శాశ్వత నివాసం కాదు. ఒక పెద్ద వరద చాలు, అందులో చాలా భాగం సముద్రం దారి పడుతుంది. మరి వరద ఊడ్చేసిన అడుగును మళ్లీ నింపుతున్నదేమిటి?

ఈ ప్రశ్ననే పట్టుకుని అదే బృందం మరొకరితో కలిసి 2021లో ‘నేచర్ సస్టెయినబిలిటీ’లో ఇంకో పత్రం రాసింది. అందులోని తర్కం నాకు మరీ నచ్చింది. జోరువానలో మురుగు కలిస్తే ఉధృతికి అందులోని ప్లాస్టిక్ రేణువులు దిగువకు పోతాయి, అడుగున నిలవవు. నీళ్లు తక్కువై నెమ్మదిగా పారే రోజుల్లో వదిలితేనే అక్కడికక్కడ దిగి పేరుకుంటాయి. కాబట్టి అడుగున గుట్టలుగా దొరికాయంటే, వానల్లేని రోజుల్లో శుద్ధి చేయని మురుగును నదిలోకి వదులుతున్నారన్నమాట. ఇంగ్లండ్‌లో శుద్ధి చేయకుండా వదలడానికి మురుగునీటి సంస్థలకు అనుమతి ఉన్నది అసాధారణ వర్షాలు కురిసినప్పుడే.